గూట్లోంచి తెరుచుకోని ప్రోగ్రాం

ఎమ్మిగనూరు నుంచి ఆ ఫోను పొద్దున ఎనిమిది కాకముందే వచ్చింది. ఆ వారంలో అది ఆరోసారో, ఏడోసారో. ఆదోనిలో మా ఇంటి ముందుగదిలో నేల మీద కూర్చుని, దేవనకొండ ఎరువుల అంగడివాళ్ళ కంప్యూటరు విప్పి దుమ్ము దులుపుతున్నాను. ఫోను ఎత్తగానే, పలకరింపు కూడా లేకుండా అటునుంచి మొదలైంది.

"తెరుసుకోలేదు పాపా. పన్నెండు తూర్లు నొక్కినా. గుండ్రంగా తిరుగుతాది, నిలిసిపోతాది. అంతే."

"అన్నా, అన్నిసార్లు నొక్కద్దని చెప్పినాను గదా. ఒకసారి నొక్కి ఆగల్ల."

"ఆగినా. టీ తాగొచ్చేదాకా ఆగినా. తెరుసుకోలేదు."

వస్తానని చెప్పి పెట్టేశాను. పెట్టేశాక విసుగ్గా ఫోనును చాప మీదికి విసిరాను.

ఫోను చేసిన ఆయనది నేత కుటుంబం. ముప్పై ఏళ్ళకు పైగా గుంట మగ్గంలో కూర్చున్న మనిషి. మోకాళ్ళు మొరాయించాక మగ్గం దిగి, చీర అంచులకు డిజైన్లు గీసే పనిలో పడ్డాడు. మొదట్లో గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గీసేవాడు, తర్వాత కంప్యూటరు మీద. తెర నిండా చిన్న చిన్న గడులుంటాయి. ఒక్కో గడి ఒక పోగు కింద లెక్క. గడుల్లో రంగు నింపుకుంటూ పోతే అంచు తయారవుతుంది. దాన్ని చూసి, మగ్గం పైన వేలాడే జకార్డు అట్టలకు చిల్లులు కొడతారు. నందవరం వైపు పల్లెల నుంచి కూడా నేతవాళ్ళు ఆయన అంచుల కోసం వచ్చేవారు. వయసులో మా నాన్నకంటే పెద్ద. అయినా మొదటిరోజు అన్నా అని పిలిచాను, అదే నిలిచిపోయింది. ఆయన భార్య నాకు వదిన అయింది.

నేను ఒకచోట నిలవలేని మనిషిని. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. ఆ భాషలో మా అమ్మ నన్ను తిట్టే తిట్లలో సగం నా కాళ్ళ మీదే. పెళ్ళిపత్రికలు అచ్చువేసే అంగట్లో టైపింగుకు చేరి, అక్కడ చెడిపోయిన కంప్యూటర్లను ఎవరూ పట్టించుకోకపోతే నేనే విప్పి చూస్తూ ఈ పని నేర్చుకున్నాను. తర్వాత ఆ అంగడి వదిలేసి, సంచీలో స్క్రూడ్రైవర్లు వేసుకుని ఇళ్ళకూ దుకాణాలకూ తిరగడం మొదలుపెట్టాను. తలుపు తీసినవాళ్ళు నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసేవారు. "రిపేరాయన యాడమ్మా?" అనేవారు. అందువల్ల నాకొక జబ్బు పట్టుకుంది. కూర్చున్న పది నిమిషాల్లో తప్పెక్కడుందో చెప్పేయాలి. పదకొండో నిమిషం వచ్చిందంటే అరచేతులు చెమట పట్టేవి.

ఎమ్మిగనూరు ఆయన కంప్యూటరు మొదటిసారి చూసినప్పుడు తెర మీద ఆరబోసిన శెనక్కాయల్లాగా షార్ట్‌కట్లు పరుచుకుని ఉన్నాయి. అంచులు గీసేది, కొంగులు గీసేది, ప్రింటు తీసేది, ఫొటోలు చూసేది, ఎవరు ఎక్కించారో తెలియని ఆటలు. ఒకదాని మీద నొక్కబోయి ఆయన ఇంకోదాన్ని లాగేవాడు. అది పక్కనున్న ఫోల్డర్లో పడి మాయమయ్యేది. అప్పుడు నేను ఒక చిన్న ప్రోగ్రాం పెట్టాను. తెర అడుగున మూడు పెద్ద డబ్బాలు కనిపిస్తాయి. డబ్బా నొక్కితే పైకి తెరుచుకుని, అందులోని షార్ట్‌కట్లు పెద్ద పెద్ద బొమ్మలుగా వరసకట్టి నిలబడతాయి. ఒకటి గీసే పనికి, ఒకటి ప్రింటుకు, ఒకటి మిగతావాటికి. ఆయన వాటికి గూళ్ళని పేరు పెట్టాడు. ఇంట్లో పోగు వేసే నాడెలూ, నూలు చుట్టే కండెలూ పెట్టుకునే గోడగూళ్ళ లాంటివే ఇవీ అన్నాడు. ఏడాది పైన ఏ ఇబ్బందీ రాలేదు.

తర్వాత కంప్యూటరు బాగా నెమ్మదించింది. నేనే కొత్త డిస్కు వేసి, ప్రోగ్రాములన్నీ అందులోకి మార్చాను. చోటు మారింది కాబట్టి గూళ్ళలోని పాత షార్ట్‌కట్లు పనిచెయ్యవు. అవి తీసేసి, ప్రతి ప్రోగ్రామూ ఇప్పుడు ఎక్కడుందో ఆ దారి టైపు చేసి, మళ్ళీ గూళ్ళలో పెట్టాను. ఆ రోజు ఇంకో రెండు చోట్లకు వెళ్ళాల్సి ఉంది. గబగబా ముగించి వచ్చేశాను. ఈ ఫోన్లు ఆ మరుసటి రోజు నుంచే మొదలయ్యాయి. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదేమో.

ఆ పొద్దున నేను వాళ్ళింటికి చేరేసరికి పదకొండు. వీధంతా మగ్గాల చప్పుడు. వదిన గడప దగ్గర కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. లోపల కంప్యూటరు ముందు ఆయన, పక్కన స్టూలు మీద నందవరం వైపు నుంచి వచ్చిన ఒక నేతగాడు. ఆ నేతగాడికి కొత్త అంచు కావాలి. రెండు రోజులుగా వచ్చి పోతున్నాడట.

నేను కుర్చీలో కూర్చుని, అంచుల ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లోకి నేరుగా వెళ్ళి నొక్కాను. వెంటనే తెరుచుకుంది. దాన్ని మూయకుండా కిందికి దించి, గూడు తెరిచి అందులోని బొమ్మ మీద నొక్కాను. అంచుల ప్రోగ్రాం తెర మీదికి వచ్చింది.

"వస్తాంది గదా అన్నా?"

"నువ్వు నొక్కితే వస్తాది. ఇప్పుడు నన్ను నొక్కనీ."

ప్రోగ్రాం మూసేసి లేచాను. ఆయన కూర్చుని మౌసు పట్టుకున్నాడు. అప్పుడు చూశాను ఆ చేతిని. ఇంకా నొక్కకముందే బొటనవేలూ చూపుడువేలూ ఏదో నలుపుతున్నట్టు కదులుతున్నాయి. బాణం గుర్తు బొమ్మ చుట్టూ తచ్చాడింది. ఆయన నొక్కాడు. బొమ్మ కొంచెం పక్కకు జరిగి మళ్ళీ తన చోటికి వచ్చింది. గుండ్రం తిరిగింది, ఆగింది. ఏమీ తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాడు. ఈసారి బొమ్మ గూడు దాటి బయటికి వచ్చేసింది. దాన్ని మళ్ళీ లోపల పెట్టాను.

నాకు చాలనిపించింది. వచ్చి ఏడు నిమిషాలు కూడా కాలేదు.

"అన్నా, మెషీన్లో ఏం లేదు. మీ చెయ్యి నిలబడల్యా. నొక్కేటప్పుడు కదిలిపోతాంది."

నేతగాడు తల దించుకున్నాడు. రాట్నం ఆగింది. ఆయన మాత్రం తెర వైపే చూస్తూ అన్నాడు.

"సెయ్యి వణుకుతాది, నిజమే. కాదనను. అయితే ఈ పక్క గూట్లోది సూడు." ఫొటోల బొమ్మ మీద నొక్కాడు. చెయ్యి అలాగే వణికింది, బొమ్మ అలాగే జరిగింది, కానీ ఫొటోలు తెరుచుకున్నాయి. "ఇది తెరుసుకునె. అది తెరుసుకోదు. రెంటికీ సెయ్యి ఒకటే గదా పాపా?"

"ఒక్కోసారి సరిగ్గా పడతాది, ఒక్కోసారి పడదు. అంతే అన్నా. ఒకసారి డాక్టరుకి చూపించుకోండి."

ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళోకి తీసుకున్నాడు. వదిన తెచ్చిచ్చిన మజ్జిగ నిలబడే తాగి, బస్సుకు టైమైందని వచ్చేశాను. నిజానికి బస్సుకు ఇంకా అరగంట ఉంది.

ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. మొదటి రెండు రోజులు హాయిగా ఉంది. మూడోరోజు నుంచి, పని చేసుకుంటూనే ఫోను వైపు చూడటం మొదలుపెట్టాను. మా అమ్మ బొంత కుడుతూ నన్ను గమనిస్తూ ఉంది. "ఫోను రాకూడదని చూస్తున్నావా, రావాలని చూస్తున్నావా?" అంది. నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. అక్కడ పనేమీ లేక మళ్ళీ లోపలికి వచ్చాను.

ఐదోరోజు నేనే చేశాను. వదిన ఎత్తింది.

"అన్న ఉండాడా వదినా?"

"పండుకోనుండాడు."

పొద్దున పదకొండు గంటలకు ఆయన పడుకోవడం నేనెప్పుడూ వినలేదు. "కంప్యూటరు బాగుందా?" అని అడిగాను.

"దానిమీద గుడ్డ కప్పినాడమ్మా," అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ రోజు చేసిన ఏ పనీ సరిగ్గా రాలేదు. ఒక స్క్రూ పోగొట్టుకుని చీపురు తెచ్చి గదంతా ఊడ్చాను. అమ్మను విసుక్కున్నాను. ఆయన మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఫొటోలు తెరుచుకున్నాయి. చెయ్యి వణికింది, బొమ్మ జరిగింది, అయినా తెరుచుకున్నాయి. నా కళ్ళతో చూశాను. ఫొటోలకు అడ్డం రాని వణుకు అంచులకు మాత్రం ఎందుకు అడ్డమొస్తుంది? ఆ ప్రశ్నకు ఆ రోజు నేను చెప్పింది జవాబు కాదు. బస్సు వంక పెట్టి లేచిపోవడానికి ఒక మాట, అంతే.

ఇంకో మూడు రోజులు ఏదో ఒక పని వెంటబెట్టుకుని తిరిగాను. తొమ్మిదోరోజు పొద్దున వేరే కంప్యూటర్లన్నీ పక్కకు నెట్టి నా దాని ముందు కూర్చున్నాను. అంచుల ప్రోగ్రాం కాపీ నా దగ్గరుంది. గూళ్ళ ప్రోగ్రామూ ఉంది. ఆయన కంప్యూటర్లో ఎలా పెట్టానో అచ్చం అలాగే పెట్టాను. దారి టైపు చేసి, గూడు చేసి, అందులో చేర్చాను. తర్వాత ఆ రోజులాగే ఫోల్డర్లోంచి తెరిచి, కిందికి దించి, గూట్లోంచి నొక్కాను. వచ్చింది. మళ్ళీ నొక్కాను. వచ్చింది. లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను.

అమ్మ దారం కొరుకుతూ, "ఆ కుర్చీకి ముళ్ళున్నాయా?" అంది.

తిరిగి వచ్చి, అన్నీ మూసేసి, కంప్యూటరు ఆపి, మళ్ళీ ఆన్ చేశాను. ఈసారి ఏ ఫోల్డరూ తెరవకుండా ఆయన చేసినట్టే చేశాను. నేరుగా గూడు తెరిచి నొక్కాను. గుండ్రం తిరిగింది. ఆగింది. ఏమీ లేదు. ఇంకోసారి నొక్కాను. అదే తంతు. నా చెయ్యి రాయిలాగా నిలకడగా ఉంది.

అప్పుడు అర్థమైంది. ఆ రోజు గూట్లోంచి ప్రోగ్రాం తెరుచుకోనే లేదు. నేను ముందే తెరిచి కింద దాచినదే ముందుకు వచ్చింది. అది చూసి తెరుచుకుందని అనుకున్నాను. ఆయన కూర్చునే ముందు నేను దాన్ని మూసేశాను కాబట్టి, ఆయనకు ముందుకు రావడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

అసలు తప్పు దొరకడానికి ఇంకో గంట పట్టింది. గూట్లో షార్ట్‌కట్టు పెట్టేటప్పుడు రెండు ఖాళీలు నింపాలి. ప్రోగ్రాం ఎక్కడుందో చెప్పేది ఒకటి. అది ఏ ఫోల్డర్లోంచి మొదలవ్వాలో చెప్పేది రెండోది. రెండోది నింపకపోయినా చాలా ప్రోగ్రాములకు ఫరవాలేదు. ఫొటోలది అలాంటిదే. కానీ అంచులది పాతకాలపు ప్రోగ్రాం. దాని రంగులూ పోగుల లెక్కలూ పక్కనే ఇంకో ఫైలులో ఉంటాయి. మొదలవగానే తానున్న ఫోల్డర్లో ఆ ఫైలు కోసం వెతుక్కుంటుంది. గూట్లోంచి నొక్కితే, గూళ్ళ ప్రోగ్రాం దాన్ని తన ఫోల్డర్లోంచి మొదలుపెడుతోంది. అక్కడ ఆ ఫైలు లేదు. దొరక్కపోతే ఒక్క మాటైనా చెప్పకుండా మూసుకుంటోంది. పాత డిస్కులో ఏడాది కింద ఆ రెండో ఖాళీ నింపింది నేనే. కొత్త డిస్కు వేసిన రోజు తొందరలో వదిలేసిందీ నేనే.

ఖాళీ నింపాను. నొక్కాను. తెరుచుకుంది.

సంతోషం కలగలేదు. సంచీ తీసుకున్నాను. అమ్మ అన్నం తిని వెళ్ళమంటే వినిపించుకోలేదు. ఆయనకు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఫోన్లోనే చెప్పి సరిచేయించవచ్చు కదా అని ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన ఎందుకు వచ్చిందో తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది.

పత్తి వచ్చే కాలం అది. మార్కెట్టు దగ్గర లారీలు, ట్రాక్టర్లు అడ్డదిడ్డంగా నిలబడి దారంతా మూసుకుపోయింది. నేనెక్కిన బస్సు అక్కడ చిక్కుకుని కదల్లేదు. ఇంజను మాత్రం గుడగుడమంటోంది. కిటికీలోంచి పత్తి నూగు లోపలికి వచ్చి బురఖాకు అంటుకుంటోంది. పక్కనున్న ఆవిడ నిద్రపోయింది. నేను లేచి కండక్టర్ని అడిగాను, ఎంతసేపని. "నన్నడుగుతావేందమ్మా, ఆ లారీలనడుగు," అన్నాడు. కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. చివరికి దిగిపోయి, ట్రాక్టర్ల మధ్యనుంచి నడిచి, అవతల ఒక ఆటో పట్టుకున్నాను. వెనక ముగ్గురం, ముందు డ్రైవరుకు అటూ ఇటూ ఇద్దరు. దారి పొడుగునా ఆయనతో ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. అనుకున్న ప్రతి మాటలోనూ ప్రోగ్రాందో డిస్కుదో తప్పు అయ్యేది గానీ నాది అయ్యేది కాదు.

ఇంట్లో వదిన ఒక్కతే ఉంది. కంప్యూటరు మీద నిజంగానే గుడ్డ కప్పి ఉంది. నీలం అంచున్న పాత పంచె.

"అన్న యాడికి పోయినాడు వదినా?"

"ఆడ, వీధి మూలింటికి పోయినాడు. వస్తాడులే. కూకో."

కూర్చోలేకపోయాను. వదిన రాట్నం పక్కకు జరిపి నన్ను నిదానంగా చూసింది.

"నువ్వు ఆ మాట సెప్పిపోయిన పొద్దు నుంచి సెయ్యి దాసుకుంటాండాడు. ఎవురన్నా వస్తే సెయ్యి తుండుగుడ్డ కింద పెట్టుకుంటాడు. అన్నం కూడా నలుగుర్లో తినడు. ఆ నందవరమాయప్పకి, ఇంక నాతో కాదు, వేరేవాళ్ళని సూసుకో అని సెప్పి పంపించేసినాడు."

"వదినా, తప్పు ఆయన చేతిది కాదు. నాది. నేను సరిగ్గా చూడల్యా."

ఆమె ముఖం మారింది. "నాకు సెప్పద్దు. ఆయప్పకి సెప్పు."

ఆయన వచ్చేసరికి గంట దాటింది. చంకలో చుట్టిన గ్రాఫు కాగితాలు, పెన్సిలుతో గీసే రోజుల్లో వాడినలాంటివే. నన్ను చూసి గడప దగ్గరే ఆగాడు. కుడిచెయ్యి భుజం మీది తుండుగుడ్డ కిందికి పోయింది. నేను చూశానని ఆయనకు తెలిసింది.

"ఏం పాపా, ఇట్లొస్తివి? నేను ఫోను సెయ్యలేదే."

"ఒకసారి కంప్యూటరు ముందు కూర్చోండి అన్నా."

"వద్దులే. దాని పని అయిపోయింది. అడిగినోళ్ళకి ఇచ్చేస్తా."

దారిలో అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "అన్నా, మీ చెయ్యి వల్ల కాదు. కొత్త డిస్కు వేసిన పొద్దు నేను ఒకటి మర్చిపోయినాను. దానివల్లే తెరుచుకోల్యా. మీరు ఫొటోలు తెరిచి చూపించినారు. నేను వినల్యా." ఇంతే అన్నాను.

ఆయన కాగితాలు గోడకు ఆనించాడు. నేను పంచె తీసి మడిచి, కంప్యూటరు ఆన్ చేశాను. సరిచేయలేదు. గూడు తెరిచి, నా చెయ్యి ఆయనకు కనబడేలా పెట్టి, అంచుల బొమ్మ మీద నొక్కాను. గుండ్రం తిరిగి ఆగింది.

"చూడండి. నా చెయ్యి వణకల్యా. నాకూ తెరుచుకోల్యా."

ఆయన ఒకడుగు ముందుకు వేశాడు. "వదినా, మీరూ ఒకసారి రండి," అన్నాను. వదిన చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చింది. మౌసు ముట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. బొమ్మ మీదికి బాణం తెచ్చి నొక్కమన్నాను. గట్టిగా, గోరు విరిగేలా నొక్కింది. గుండ్రం తిరిగి ఆగింది.

"నాకూ తెరుసుకోలేదు!" అంది, బహుమతి వచ్చినట్టు.

అప్పుడు ఆ ఖాళీ తెరిచి చూపించి, ప్రోగ్రాం ఉన్న ఫోల్డరు దారి అందులో రాశాను. కుర్చీ ఖాళీ చేశాను. ఆయన కూర్చున్నాడు. తుండుగుడ్డ కిందినుంచి చెయ్యి బయటికి వచ్చింది. నేను చూసిన రోజుకంటే ఎక్కువ వణుకుతోంది. బాణం రెండుసార్లు బొమ్మ దాటిపోయింది. మూడోసారికి నొక్కాడు. బొమ్మ కొంచెం జరిగింది. గుండ్రం తిరిగింది. తెర నిండా గడులు తెరుచుకున్నాయి. నందవరం నేతగాడి కోసం సగం గీసి వదిలిన అంచు.

ఆయన చాలాసేపు దాన్ని చూశాడు. తర్వాత మూసేశాడు.

"ఆ రాసింది తీసెయ్యి," అన్నాడు.

"ఎందుకన్నా?"

"తీసెయ్యి పాపా."

తీసేశాను. నొక్కాడు. తెరుచుకోలేదు. "మల్లా రాయి." రాశాను. నొక్కాడు. తెరుచుకుంది. ఇంకోసారి తీయించాడు, ఇంకోసారి రాయించాడు. అలా మూడు విడతలు. ఆ తర్వాత కుర్చీకి వెనక్కి ఆనుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు నా సెయ్యి సూస్తివే గానీ మెషీన్ సూడల్యా," అన్నాడు. గొంతు పెంచలేదు. "నేను సెప్తాంటే, ముసిలోడు ఏదో అంటాండాడు అనుకుంటివి."

"అవునన్నా."

"ఇంగొకరి ముందర అంటివి."

కళ్ళలో నీళ్ళు తిరిగితే గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. నన్ను ఓదార్చడానికి ఆయనేమీ ప్రయత్నించలేదు. అంచు వైపు తిరిగి, ఒక్కో గడీ నింపడం మొదలుపెట్టాడు. వదిన నాకు అన్నం పెట్టింది. తిన్నాను.

వచ్చేటప్పుడు వదిన వాకిలి దాకా వచ్చి, వచ్చే మంగళవారం కర్నూలులో పెద్ద డాక్టరుకు చూపించడానికి టోకెను తీసుకున్నామని చెప్పింది. "ఇప్పుడు పోవాల్నా, వద్దా?" అని అడిగింది. నా మాట నమ్మి వెళ్తున్నారు, ఆ మాట తప్పని తేలింది. అయినా ఆ వేళ్ళు నొక్కనప్పుడు కూడా నలుపుతున్నట్టు కదలడం నేను రెండుసార్లు చూశాను. "పోండి వదినా. కంప్యూటరు కోసం కాదు. పోండి," అన్నాను.

మరునాడు పొద్దున్నే మళ్ళీ బయల్దేరాను. ఎమ్మిగనూరులో దిగి, అక్కడినుంచి ఆటోలో నందవరం వైపు వెళ్ళి, అడుగుతూ అడుగుతూ ఆ నేతగాడి ఇల్లు పట్టుకున్నాను. మగ్గం గుంటలో ఉన్న మనిషి నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమన్నాను. ఆ రోజు నేనన్నది తప్పని, అన్న చెయ్యి వల్ల పని ఆగలేదని, నేను చేసిన పొరపాటు వల్లే ఆగిందని చెప్పాను. ఆయన నాడె చేతిలో పట్టుకుని వింటూ ఉన్నాడు.

"ఈ మాట సెప్పేకి ఆదోని నుంచి వచ్చినావా?"

"అవునన్నా."

"నేను అప్పుడే వేరేవాళ్ళకి సెప్పేసినా కదమ్మా. అంచు సగం అయ్యింటాది." నాడె పక్కన పెట్టి, "వచ్చే దానికి ఆయన దగ్గరికే పోతాలే. పోయి సెప్తా," అన్నాడు. చెప్పింది చేశాడు కూడా. కానీ అన్న గీస్తూ వచ్చిన ఆ అంచు మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని ఇప్పటికీ ఏ మగ్గమూ నేయలేదు.

కర్నూలు డాక్టరు రెండుసార్లు చూశాక, అది నరాల జబ్బు మొదలు అని చెప్పాడట. మాత్రలు వేసుకుంటూ ఉండాలి, పూర్తిగా పోదు, కానీ నెమ్మదిస్తుంది అన్నాడట. ఆ కబురు ఫోన్లో విన్న రోజు నేను ఇంట్లో ఉండలేక, పని లేకపోయినా బజారంతా తిరిగి వచ్చాను. నేనన్న మాట తప్పు. ఆ తప్పు మాట ఆయన్ని డాక్టరు దగ్గరికి పంపింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని ఎలా సర్దుకోవాలో తెలియలేదు. "నువ్వు అనకపోయుంటే ఇంకా రెండేండ్లు అట్లే ఉందుమేమో," అని వదిన మంచిగానే అంది. దాన్ని మెప్పుగా తీసుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. నేను చూసి చెప్పిన మాట కాదు అది, చూడకుండా అనేసిన మాట.

తర్వాత వెళ్ళి ఆయన మౌసు వేగం తగ్గించాను. గూళ్ళలో బొమ్మలు జరగకుండా బిగించాను. మాత్రలు కొంత పనిచేశాయి. మంచి రోజుల్లో రెండు గంటలు గీసేవాడు, చెడ్డ రోజుల్లో కుర్చీ ముట్టేవాడు కాదు.

మొన్న ప్రింటరు చూడ్డానికి రమ్మంటే వెళ్ళాను. వాకిట్లోకి అడుగుపెట్టగానే లోపల గొడవ వినిపించింది. కంప్యూటరు కుర్చీలో వదిన కూర్చుని ఉంది. ఆయన పక్కనే స్టూలు మీద, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా.

"ఆడ కాదు, ఇంగో గడి పక్కకి."

"నాకు కనపడతాంది, గమ్మునుండు."

"కనపడతాంటే ఆకు వంకర ఏంటికి పోయింది మల్లా?"

"అది వంకర కాదు. నాకట్లే కావాల."

నెలల తరబడి ఆయన చెప్తుంటే గడులు నింపుతూ, ఈ మధ్య ఆమె సొంతంగా గీయడం మొదలుపెట్టిందని అప్పుడు తెలిసింది. నేను గడప దగ్గర నిలబడే ఉన్నాను. వాళ్ళిద్దరూ నన్ను చూడలేదు. ఆ ఆకు నిటారుగా ఉండాలా, వంగాలా అని ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. చివరికి ఆమె మాటే నెగ్గింది.

ప్రింటరులో ఇరుక్కున్న కాగితం ముక్క తీసేశాక ఆ అంచు బయటికి వచ్చింది. వదిన దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని వాకిట్లో వెలుతురుకు ఎత్తి చూసుకుంది. "ఈ తీగ ఆయనది," అంది, వేలితో గీస్తూ. "ఆకులన్నీ నావి."